పరిచయం పనిలో పుడుతుంది: అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో ఏటా వినాయక చవితికి మండపం వెలుస్తుంది. దసరాకి బతుకమ్మో బొమ్మల కొలువో ఉంటుంది, సంక్రాంతికి ముగ్గుల పోటీ ఉంటుంది. అయినా మూడేళ్లుగా ఒకే అంతస్తులో ఉంటున్న రెండు కుటుంబాలకు ఒకరి పేరు ఒకరికి తెలియకపోవడం మామూలైపోయింది. కార్యక్రమాలు లేక కాదు ఇది. కార్యక్రమాలు ఘనంగా జరిగే చోట కూడా ఇదే పరిస్థితి. కారణాలు రెండు. రోజూ ఎదురుపడే జాగాలు తగ్గిపోయాయి. పండగ మిగిలింది గానీ పండగ పని కాంట్రాక్టుకి వెళ్లిపోయింది. ఇరుగుపొరుగు ఒకరికొకరు తెలిసేది పదేపదే ఎదురుపడితేనే, కలిసి ఓ పనిలో చేయి పెడితేనే.

ఎదురుపడే జాగా

అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయం పెళ్లయిన విద్యార్థుల కోసం కట్టిన ఇళ్లలో లియోన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం చేసి 1950లో ప్రచురించారు. రెండంతస్తుల భవనాలు, అంతస్తుకి ఐదు ఇళ్లు. ఎవరికి ఏ ఇల్లు రావాలన్నది వాళ్ల ఇష్టాయిష్టాల మీద ఆధారపడలేదు. అయినా పక్క తలుపు వాళ్లను దగ్గరి స్నేహితులుగా చెప్పినవాళ్లు 41 శాతం ఉంటే, అదే వరండాలో ఈ చివరా ఆ చివరా ఉన్నవాళ్ల మధ్య అది 10 శాతమే. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి ఉంది. పై అంతస్తు వాళ్లతో ఎక్కువ స్నేహాలు కుదిరింది కింద మెట్ల పక్కన ఉన్న ఇళ్లవాళ్లకి. వాళ్లు ప్రత్యేకంగా కలుపుగోలు మనుషులని కాదు. ఎక్కే దిగే వాళ్లందరూ వాళ్ల గుమ్మం ముందు నుంచే వెళ్లాలి, అంతే.

ఈ లెక్కన మన అపార్ట్‌మెంటుని చూస్తే ఎక్కడ తేడా వచ్చిందో కనిపిస్తుంది. కింద పార్కింగు, పైన ఐదంతస్తులు. కారు దిగి లిఫ్టు ఎక్కి తలుపు తీసుకునేదాకా పట్టేది ఒకటి రెండు నిమిషాలు. లిఫ్టులో గడిపేది అర నిమిషం, అదీ ఫోను చూస్తూ. మెట్ల మీద ఎవరూ ఎదురుపడరు. పాలు, కూరగాయలు, మందులు గుమ్మంలోకే వస్తాయి. పాతకాలపు వీధిలో అరుగు మీద కూర్చోవడం, పంపు దగ్గర బిందె పెట్టి వంతు కోసం నిలబడటం ఎవరూ పరిచయం కోసం చేసిన పనులు కావు. కానీ పరిచయాలు అక్కడే జరిగాయి. ఒకే మనిషి, ఒకే చోట, ఒకే వేళకి రోజూ కనబడటం వాటిలో ఉన్న సుగుణం.

ఇప్పటికీ అలాంటి జాగాలు కొన్ని మిగిలి ఉన్నాయి, వాటిని గుర్తిస్తే చాలు. పొద్దున స్కూలు బస్సు ఆగే చోటు అన్నిటికన్నా గట్టిది. రోజూ పది పదిహేను నిమిషాలు, అవే ముఖాలు, మాట్లాడుకోవడానికి పిల్లల సంగతి ఎలాగూ ఉంటుంది. తర్వాతది ఇస్త్రీ బండి. సాయంత్రం డాబా మీద నడక. వేసవిలో వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకునే పొద్దుటి వేళ. నీటి ఎద్దడి రోజుల్లో ట్యాంకరు. 5 వేల లీటర్ల ట్యాంకరు వచ్చి సంపు నింపేలోపు, ఎవరు ఎన్ని రోజులుగా ఇబ్బంది పడుతున్నారో అక్కడ నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలిసిపోతుంది. డాబాకి తాళం వేసి తాళంచెవి కమిటీ దగ్గర పెట్టుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. పిల్లల భద్రత కోసమైతే పిట్టగోడ ఎత్తు పెంచి, ఉదయం సాయంత్రం రెండేసి గంటలు డాబా తెరిచి ఉంచడం మంచి పద్ధతి. మూసేస్తే భవనం మొత్తంలో అందరిదీ అయిన ఒకే ఒక ఖాళీ జాగా పోయినట్టే.

ఒక బెంచీ చేసే మేలు చాలామంది ఊహకి అందదు. గేటుకీ లిఫ్టుకీ మధ్య దారిలో, సాయంత్రం నాలుగు తర్వాత నీడ పడే చోట, నలుగురు పట్టే గ్రానైటు బెంచీ ఒకటి వేస్తే పెద్దవాళ్లు కిందికి దిగడం మొదలుపెడతారు. వాళ్లుంటే వచ్చేపోయే వాళ్లు ఓ మాట అనకుండా వెళ్లరు. జాగా ఎంపికలోనే తప్పు జరుగుతూ ఉంటుంది. పార్కు మూలనో కాంపౌండు గోడ వెనకో వేస్తే అటు ఎవరూ వెళ్లరు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల పడకగది కిటికీ కింద వేస్తే మాటలు లోపలికి వినబడి నెల తిరక్కుండా గొడవ అవుతుంది. వీపు ఆనించే వీలు లేకపోతే మోకాళ్ల నొప్పులున్న వాళ్లు ఐదు నిమిషాలు కూడా కూర్చోలేరు. చేతులు ఆనించి లేవడానికి పక్కన పట్టు కూడా ఉండాలి.

జాగా ఎంత ముఖ్యమో 1995 జూలైలో చికాగో నగరం చూసింది. వడగాల్పులకు ఆ నగరంలో 700 మందికి పైగా చనిపోయారు. నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ పక్కపక్క పేటలు. రెండూ పేదలవే, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు రెండుచోట్లా ఉన్నారు. చావులు మాత్రం మొదటిదానిలో చాలా ఎక్కువ. సామాజికశాస్త్రవేత్త ఎరిక్ క్లైనన్‌బర్గ్ వెళ్లి పరిశీలిస్తే తేలింది ఇది: సౌత్ లాన్‌డేల్ వీధుల్లో దుకాణాలు, జనసంచారం ఉన్నాయి, ముసలివాళ్లు బయటికి రావడానికి కారణం ఉంది, రాకపోతే గమనించేవాళ్లూ ఉన్నారు. నార్త్ లాన్‌డేల్ వీధులు అప్పటికే ఖాళీ అయిపోయాయి. 2015 మే నెలలో మన దేశంలో వడగాల్పులకు 2 వేల మందికి పైగా చనిపోతే వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఎండాకాలంలో పక్క వాటాలో పెద్దావిడ రెండు రోజులుగా డాబా మీదికి రాలేదని గమనించే మనిషి ఉండటం మనకి చిన్న విషయం కాదు.

మొదటి మాటలు

ఎదురుపడటం మాటగా మారాలంటే ఒకరు ముందుకు రావాలి. మొదటి కొన్ని రోజులు తల ఊపడం, చిరునవ్వు చాలు. ఆ తర్వాత కళ్ల ముందున్న విషయమే మాట్లాడాలి: లిఫ్టు మళ్లీ ఆగిందా, నీళ్లు ఎన్నింటికి వదిలారు, బస్సు ఇంకా రాలేదేం. తర్వాత పేరు. అపార్ట్‌మెంట్లలో మనుషులు వాటా నంబర్లుగా, పిల్లల తల్లులుగా మిగిలిపోతున్నారు. ‘204 వాళ్లు’, ‘బన్నీ వాళ్లమ్మ’ అనే పిలుపులు ఏళ్లు గడిచినా మారవు. ‘మీ పేరు అడగనేలేదండీ’ అని అడిగి, మర్నాడు కనబడినప్పుడు ఆ పేరుకి గారో అక్కో అన్నో చేర్చి పిలిస్తే సగం దూరం తగ్గిపోతుంది.

మాట తెగిపోయేది ఎక్కువగా ప్రశ్నల దగ్గరే. ‘సొంతమా, అద్దెకా?’ అన్నది మొదటి ప్రశ్న అయితే అద్దెకున్నవాళ్లు అక్కడే ముడుచుకుపోతారు. జీతం, పెళ్లి, పిల్లలెప్పుడు అన్నవి అంతకన్నా చేటు. ఇంటిపేరు ఏమిటి, ఊళ్లో ఏ వీధి అంటూ కులం కూపీ లాగడం అవతలివాళ్లకి వెంటనే తెలిసిపోతుంది, ఆ మనిషి మళ్లీ లిఫ్టు దగ్గర ఆగరు. ఏ ఊరు, ఇక్కడికొచ్చి ఎన్నాళ్లయింది, పిల్లలు ఏ స్కూలు, కూరగాయలు ఎక్కడ బాగుంటాయి లాంటివి అడిగితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇవ్వడం కన్నా అడగడం త్వరగా దగ్గర చేస్తుంది. పెరుగు తోడుకి ఒక చెంచా, రెండు రెబ్బల కరివేపాకు, గంటసేపు నిచ్చెన లేదా డ్రిల్లింగు మిషను. ఇలా చిన్న సాయం అడిగితే అవతలివాళ్లకి కూడా రేపు మనల్ని అడిగే చనువు వస్తుంది. ముందే పెద్ద కానుకతో వెళితే వాళ్లకి అది బరువవుతుంది, తిరిగి ఏమివ్వాలా అని తప్పించుకుంటారు. అయితే చేబదులుకి కట్టుబాట్లున్నాయి. తీసుకున్న వస్తువు అదే రోజు, మహా అయితే మర్నాడు తిరిగి చేరాలి. గిన్నె ఖాళీగా పంపకూడదన్న పాత మర్యాద ఇప్పటికీ పనిచేస్తుంది, నాలుగు జంతికలు వేసి పంపినా చాలు. డబ్బు, గ్యాసు సిలిండరు, బండి తాళాలు కొత్త పరిచయంలో అడక్కూడదు. అవి ఆలస్యమైనా పాడైనా నష్టం పెద్దది, అడిగి తెచ్చుకోలేని మొహమాటం అంతకన్నా పెద్దది.

కొత్తగా దిగినవాళ్ల విషయంలో మొదటి వారం చాలా విలువైనది. సామాను లారీ వచ్చిన రోజున పక్కవాళ్లు చల్లటి మంచినీళ్ల సీసాలు రెండు, సాయంత్రం టీ ఇచ్చి, తమ ఫోను నంబరు రాసిన కాగితం ఇస్తే అది ఏళ్లపాటు గుర్తుంటుంది. ఆ కాగితం మీద ఉండాల్సినవి: మున్సిపల్ నీళ్లు వచ్చే వేళలు, చెత్త ఆటో వచ్చే టైము, తడి చెత్త పొడి చెత్త ఎక్కడ పెట్టాలో, ప్లంబరు, ఎలక్ట్రీషియన్, లైన్‌మన్ నంబర్లు, పాలవాడి పేరు, దగ్గరలో రాత్రి తెరిచి ఉండే మందుల షాపు. దిగినవాళ్లు తమవైపు నుంచి పాలు పొంగించిన రోజు పరమాన్నం ఎదురింటికి, పక్కింటికి, కింద పైన ఉన్న వాటాలకి స్వయంగా వెళ్లి ఇవ్వాలి. పైవాటా కింది వాటా అనడానికి కారణం ఉంది. నీటి లీకులు, కుర్చీలు లాగే చప్పుడు లాంటి తగాదాలు వచ్చేది వాళ్లతోనే. ముందే ముఖపరిచయం ఉంటే బాత్‌రూం పైపు కారినప్పుడు మాట తలుపు కొట్టడంతో మొదలవుతుంది. లేకపోతే వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టడంతో మొదలవుతుంది.

పండగ పని

సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నాన్ని దగ్గరగా చూడండి. గునుగు పూలు ముందురోజే తెచ్చి, కాడలు ఒకే పొడవుకి కత్తిరించి, చిన్న కట్టలుగా కట్టి, వాటి కొసలు రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. సద్దుల నాడు పళ్లెంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు పూలు చుట్టూ ఒక వరస, దాని మీద గునుగు, తర్వాత బంతి, చామంతి, కట్ల పూలు. వరస పెరిగే కొద్దీ మధ్యలో ఏర్పడే ఖాళీని ఆకులు, తుంచిన కాడలు కుదించి నింపాలి. అది వదులుగా ఉంటే ఎత్తేటప్పుడు బతుకమ్మ ఒక పక్కకి ఒరుగుతుంది. వరస వరసకీ చుట్టుకొలత కొంచెం తగ్గాలి. పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. రెండడుగుల బతుకమ్మకి నలుగురు కూర్చుంటే రెండు మూడు గంటల పని. ఆ మూడు గంటల్లో ఒకరు పూలు అందిస్తారు, ఒకరు పేరుస్తారు, ఒకరు కాడలు తుంచుతారు, ఒకరు ఏ ఊళ్లో ఎలా పేరుస్తారో చెబుతారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇల్లాలు నేర్చుకుంటుంది, వరంగల్ ఆవిడ నేర్పుతుంది. సాయంత్రం చప్పట్లు కొడుతూ తిరిగేటప్పుడు వాళ్లకి వేరే పరిచయం అక్కర్లేదు.

తయారుగా పేర్చిన బతుకమ్మలు నగరాల్లో ఇప్పుడు కొనుక్కోవచ్చు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి అది తప్పని అవసరం కావచ్చు. కానీ దానితో పోయేది ఆ మూడు గంటలు. డీజే పెట్టి గంటసేపు ఆడి, ఫోటోలు దిగి విడిపోతే ఎవరు ఏ వాటావాళ్లో మర్నాటికి గుర్తుండదు. అందుకే ఎంగిలి పూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ జరపలేని చోట, సద్దుల రోజు ఒక్కదాన్నయినా మధ్యాహ్నం రెండింటికి కిందికి దిగి అందరి బతుకమ్మలూ ఒకేచోట కూర్చుని పేర్చుకోవాలి. ఆట తర్వాత సద్దులు, మలీద పంచుకోవడం, వాయినాలు ఇచ్చిపుచ్చుకోవడం ఎలాగూ ఉంటాయి.

వినాయక చవితి అన్నదానంలోనూ ఇదే సూత్రం. 60 వాటాల అపార్ట్‌మెంటులో భోజనానికి వచ్చేది సుమారు 150 మంది. మొత్తం వంట నివాసులే చేయడం ఇప్పుడు కష్టం. మొత్తం క్యాటరింగుకి ఇచ్చేస్తే మాత్రం అది హోటలు భోజనమే. మధ్యేమార్గంగా అన్నం, పప్పు, సాంబారు, కూర వంటమాస్టారికి వదిలి, పులిహోర, వడపప్పు, పానకం నివాసులు చేసుకుంటే బాగుంటుంది. మిగతా అన్నంతో కలిపి వడ్డించేటప్పుడు 100 మందికి పులిహోరకి 5 కిలోల బియ్యం సరిపోతాయి. దానికి సుమారు 600 గ్రాముల చింతపండు, లీటరుకి కాస్త తక్కువ నూనె, అర కిలో పల్లీలు, కిలో బియ్యానికి పది పన్నెండు చొప్పున పచ్చిమిర్చి. చింతపండు రాత్రే నానబెట్టి పులుసు చిక్కగా ఉడికించి పెట్టుకుంటే పొద్దున పని సగం తగ్గుతుంది. అందరూ చేసే పొరపాటు వేడి అన్నంలో పులుసు కలిపేయడం. అది ముద్దవుతుంది. అన్నం కాస్త పలుకుగా దించి, వెడల్పాటి పళ్లాల్లోనో శుభ్రమైన గుడ్డ మీదో పరిచి, పసుపు, నూనె కలిపి చల్లారాకే పులుసు, తాలింపు కలపాలి. ఐదు కిలోలూ ఒకే గిన్నెలో వండితే అడుగంటుతుంది, రెండుగా వండాలి. ఈ పనికి ఆరుగురు చాలు. ఏటా అదే ఆరుగురు కాకుండా అంతస్తు వంతుగా మారితే ఐదేళ్లలో భవనం అంతా ఆ పొయ్యి దగ్గర నిలబడినట్టవుతుంది.

వడ్డన దగ్గర ఇంకో నిర్ణయం ఉంది. బఫే పెడితే ఎవరి పళ్లెం వాళ్లు పట్టుకుని తమ ఇంటివాళ్లతో ఒక మూలకి వెళ్లిపోతారు. బంతి భోజనంలో పక్కన ఎవరొస్తే వాళ్లతో కూర్చోవాలి, వడ్డించేవాళ్లు ప్రతి ముఖాన్నీ చూసి అడిగి వడ్డించాలి. బంతికి 40 మంది చొప్పున నాలుగు బంతులు, బంతికి ఏడెనిమిది మంది వడ్డించేవాళ్లు. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా చదివే పిల్లలకి ఈ పని అప్పగించాలి. భవనంలోని పెద్దవాళ్లందరూ వాళ్లకి ఒక్కపూటలో తెలుస్తారు. నేల మీద కూర్చోలేని వాళ్ల కోసం చివర బల్లలు వేయాలి. మొదటి బంతిలోనే వాచ్‌మన్ కుటుంబం, ఊడ్చేవాళ్లు, ఇస్త్రీ ఆయన కూర్చోవాలి. వాళ్లు ఆ భవనానికి ఇరుగుపొరుగే. మిగిలినది కవర్లో కట్టి పంపడం, వేరే గ్లాసు పెట్టడం ఎక్కడ జరిగినా ఆపాల్సిన విషయాలు.

లడ్డూ వేలం గురించి ఒక మాట. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన వినాయకుడి లడ్డూ వేలం ఇప్పుడు లక్షల్లోకి వెళ్లింది, దాన్ని చూసి చిన్న అపార్ట్‌మెంట్లూ వేలం పెడుతున్నాయి. ఊరి పనులకి డబ్బు సమకూర్చే మార్గంగా అది బాలాపూర్‌కి ఒప్పింది. 30 వాటాల భవనంలో అది పాడేవాళ్లనీ చూసేవాళ్లనీ విడదీస్తుంది. నలుగురి పేరు మైకులో మోగితే మిగతా వాళ్లు కుర్చీలు సర్దుకుంటారు. చందా విషయంలో కూడా జాగ్రత్తలున్నాయి. వాటాకి ఇంత అని అందరూ ఇవ్వగలిగిన చిన్న మొత్తమే పెట్టాలి, ఎక్కువ ఇచ్చేవాళ్లు విడిగా ఇవ్వాలి. ఇవ్వనివాళ్ల పేర్లు లిఫ్టులో అంటించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పండగ ఖర్చు నెలవారీ మెయింటెనెన్స్ డబ్బులోంచి తీయకూడదు. వేరే మతంవాళ్లు, పూజలు చేయనివాళ్లు అదే డబ్బు కడుతున్నారు. లెక్క వేరు, ఖాతా వేరు, నిమజ్జనమైన వారంలోపు జమాఖర్చుల కాగితం అందరికీ. మైకు రాత్రి 10 దాటాక మోగకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లకి నిషేధం ఉంది, నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. పరీక్షలకి చదివే పిల్లలు, నైట్ డ్యూటీ వాళ్లు, పసిబిడ్డల తల్లులు పైకి ఏమీ అనరు. మరుసటి ఏడు కిందికి దిగరు.

పేరంటాలు, బొమ్మల కొలువులు ఇల్లిల్లూ తిరిగి బొట్టుపెట్టి పిలిచే పద్ధతి వల్ల పరిచయాలకి ఎప్పటి నుంచో మంచి దారి. గుమ్మం దాకా వెళ్లి పిలవడానికీ గ్రూపులో కార్డు పెట్టడానికీ పోలికే లేదు. కానీ భర్త లేని స్త్రీలను పక్కన పెట్టడం ఈ దారిలో ఉన్న పెద్ద లోపం. ఒకే అంతస్తులో నాలుగు తలుపులు తట్టి ఐదోది వదిలేస్తే ఆ ఐదో ఇంటికి అది ఏటా తగిలే దెబ్బ. కొలువు చూడటానికి రమ్మని అందరినీ ఒకే మాటతో పిలిచి, అందరికీ ఒకేలా పండు, శనగలు ఇస్తున్న ఇళ్లు ఇప్పుడు ఉన్నాయి. అదే సరైన పద్ధతి.

మతంతో సంబంధం లేని కలయిక ఏడాదికి రెండైనా ఉండాలి. ఆగస్టు 15, జనవరి 26 జెండా వందనాలు అందుకు సరిగ్గా సరిపోతాయి. జెండా, పిల్లల పాటలు అరగంటలో ముగించి, తర్వాత ఇడ్లీ, టీతో మరో గంట ఖాళీగా వదిలేయాలి. మాటలు సాగేది ఆ గంటలోనే, ఉపన్యాసాలతో దాన్ని నింపేయకూడదు. పారిస్‌లో 1999లో మొదలైన ఇరుగుపొరుగు పండగ కూడా ఇంతే: వేదిక లేదు, ముఖ్య అతిథి లేరు, ఎవరికి వాళ్లు ఒక వంటకం తెచ్చి వాకిట్లో బల్ల వేసుకుంటారు. అమెరికాలో ఏటా ఆగస్టు మొదటి మంగళవారం వీధి వీధినా ఇరుగుపొరుగు, పోలీసులు కలుసుకునే సాయంత్రం ఒకటి జరుగుతుంది. ఎండల వల్ల టెక్సాస్‌లో దాన్ని అక్టోబరుకి మార్చారు. డాలస్ శివార్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకి వీధిలోని తెలుగేతరులను కలవడానికి అది మంచి అవకాశం. సంఘాల ఉగాది సభలో కలిసేది తెలుగువాళ్లే, అర్ధరాత్రి గరాజు తలుపు తెరిచి ఉందని ఫోను చేసేది మాత్రం పక్కింటివాళ్లు.

కార్తీక వనభోజనాలకి బస్సు మాట్లాడుకుంటే వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు సీట్లు మార్చాలి, లేకపోతే ఎక్కిన జట్టు ఎక్కినట్టే దిగుతుంది. ఇంటికొక వంటకం అనుకున్నప్పుడు పది మందికి సరిపడా అని కొలత చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి, పల్లీలు ఉన్నాయో లేదో గిన్నె మీద రాసి అతికించాలి. తంబోలాలో ప్రతి ఒక్కరూ చేతిలో కాగితం చూసుకుంటారు. అంత్యాక్షరి, కబడ్డీ, ఖోఖో అయితే ఒకరినొకరు చూసుకుంటారు.

గ్రూపు, అద్దె, ఆపద

ఇరుగుపొరుగు తగాదాల్లో చాలావాటికి ఇప్పుడు వాట్సాప్ గ్రూపే వేదిక. నీళ్లు, కరెంటు, లిఫ్టు సమాచారానికి నిర్వాహకులు మాత్రమే రాసే గ్రూపు ఒకటి, మాటామంతికి ఇంకొకటి ఉంటే ముఖ్యమైన సందేశాలు శుభోదయాల కింద మునిగిపోవు. పార్కింగులో అడ్డంగా పెట్టిన బండి ఫోటో గ్రూపులో పెట్టేముందు ఆ వాటా తలుపు కొట్టాలన్న నియమం ఒక్కటి పాటించినా సగం గొడవలు పుట్టవు. అద్దెకున్నవాళ్లను గ్రూపులో చేర్చకపోవడం ఇంకో పొరపాటు. చాలా అద్దె ఒప్పందాలు 11 నెలలవే. ఆ కారణంగా వాళ్లను ‘ఎలాగూ వెళ్లిపోయేవాళ్లు’ అని లెక్కవేస్తారు. కానీ ఒప్పందం తిరగరాసుకుంటూ ఐదారేళ్లు ఉండిపోయేవాళ్లు ఎంతోమంది. ఆస్తి విషయాల్లో ఓటు యజమానిదే కావచ్చు, రోజూ లిఫ్టు ఎక్కేది మాత్రం అద్దెకున్నవాళ్లు. సాంస్కృతిక, పారిశుధ్య కమిటీల్లో వాళ్లకీ చోటివ్వాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు జనం పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు. అలాంటప్పుడు గ్రూపులు పనికిరావు. ఏ వాటాలో డయాలసిస్ రోగి ఉన్నారో, ఎవరింట్లో నెలల పాప ఉందో మనుషుల బుర్రల్లో, ఒక కాగితం మీద ఉండాలి. పిల్లలు విదేశాల్లో ఉండి తల్లిదండ్రులు ఇద్దరే మిగిలిన వాటాలు ఇప్పుడు ప్రతి భవనంలో ఉన్నాయి. వాళ్ల కోసం ఏర్పాటు ఇలా ఉండాలి: నమ్మకమైన ఒక పొరుగింట్లో అదనపు తాళంచెవి, లోపలి గడియ బయటి నుంచి తాళంచెవితో తీయగలిగే రకం, పిల్లల ఫోను నంబర్లు, అక్కడి వేళ, వాడే మందులు, బ్లడ్ గ్రూపు, చూపించుకునే ఆసుపత్రి రాసి తలుపు లోపలివైపు అంటించిన కాగితం, పొద్దున పేపరు తొమ్మిదింటికి కూడా గుమ్మంలోనే ఉంటే బెల్లు కొట్టాలన్న ఒప్పందం. ఈ వివరాలు గ్రూపులో పెట్టకూడదు, పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నారన్న సమాచారం ఎవరి చేతికైనా చేరవచ్చు.

ఇంకో సంగతి చాలా భవనాల్లో ఆపద వచ్చేదాకా తెలియదు. ‘6 మంది, 408 కిలోలు’ అని రాసి ఉండే మామూలు లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. 108 అంబులెన్సు కింద ఆగినా నాలుగో అంతస్తు నుంచి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దింపాల్సి రావచ్చు, దానికి నలుగురు కావాలి. చేతులున్న గట్టి కుర్చీ, నడుముకి కట్టడానికి చీరో దుప్పటో, వెనక ఇద్దరు, ముందు ఇద్దరు. దింపేటప్పుడు రోగి ముఖం మెట్ల కిందివైపుకి ఉండాలి, కుర్చీ వెనక్కి వాలి ఉండాలి. అయితే పడిపోయి వెన్నుకో మెడకో దెబ్బ తగిలిన వాళ్లను, స్పృహ లేనివాళ్లను ఇలా కూర్చోబెట్టకూడదు, అంబులెన్సు సిబ్బంది వచ్చి చెప్పేదాకా కదపకూడదు. ప్రతి అంతస్తులో ఈ పనికి రాగల నలుగురి పేర్లు, నంబర్లు వాచ్‌మన్ దగ్గర ఉండాలి.

ఇళ్లు మారేది ఎక్కువగా బడులకి సెలవులున్న ఏప్రిల్, మే నెలల్లో కాబట్టి ఈ జాబితాలన్నీ జూన్ మొదటి వారంలో తిరగరాయాలి. రాసేవాళ్లు ఫోనులో వివరాలు అడక్కుండా వాటా వాటాకీ వెళ్లి రాసుకోవాలి. అరవై వాటాలకి ఇద్దరు మనుషులు, రెండు ఆదివారాలు పడుతుంది.